ఆరు చుక్కల ఒప్పందం: లూయీ బ్రెయిలీ జీవితం

జనవరి 4 ప్రపంచ బ్రెయిలీ దినోత్సవం. 1809లో అదే తేదీన ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిలీ పుట్టాడు. చూపు లేనివారు వేళ్ళతో తడిమి చదువుకునే లిపిని తయారు చేసిన మనిషి అని ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. కానీ ఆ లిపి వెనక ఇంకో ఆశ్చర్యం ఉంది. అది ఒక పదిహేనేళ్ళ కుర్రవాడు తయారు చేసింది. తయారై రెండు వందల ఏళ్ళు అయింది. ఇప్పటికీ పనిచేస్తోంది.

మన ఇళ్ళలో చూడండి. అయిదేళ్ళ కిందట కొన్న ఫోను అప్పుడే పాతబడిపోయింది. ఫ్లాపీ డిస్కు అంటే ఈనాటి పిల్లలకు బొమ్మ చూపించి చెప్పాలి. క్యాసెట్టులో దాచిన తాతగారి గొంతు వినాలంటే ఆ టేపు రికార్డరు ఎక్కడా దొరకదు. పెద్ద పెద్ద కంపెనీలు, ఇంజనీర్లు కలిసి చేసినవే ఇరవై ముప్పై ఏళ్ళకు మాయమైపోతుంటే, ఒక బడిపిల్లవాడి చుక్కలు ఎలా నిలిచాయి? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఆయన జీవితం చదువుదాం.

కంప్యూటర్ పాఠాల్లో ప్రోటోకాల్ అనే మాట వస్తుంది. అదేమీ పెద్ద మాట కాదు. ఇద్దరి మధ్య ముందే కుదిరిన ఒప్పందం అంతే. రైలు గార్డు పచ్చజెండా ఊపితే బయలుదేరాలి అని డ్రైవరుకు ముందే తెలుసు. జెండాలో మహిమ ఏమీ లేదు, ఇద్దరికీ దాని అర్థం ఒకటే కావడంలోనే ఉంది పని అంతా. బ్రెయిలీ లిపి కూడా అలాంటి ఒప్పందమే. రాసేవారి చేతికీ చదివేవారి వేలికీ మధ్య కుదిరిన ఒప్పందం.

తోలు పని కొట్టంలో

పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే చిన్న ఊరు ఉంది. లూయీ తండ్రి సిమోన్ రెనే బ్రెయిలీ అక్కడ గుర్రపు జీనులు, కళ్ళేలు, తోలు పట్టీలు తయారు చేసేవాడు. తల్లి పేరు మోనిక్. నలుగురు పిల్లల్లో లూయీ ఆఖరివాడు.

మూడేళ్ళ వయసులో లూయీ తండ్రి పనిచేసే కొట్టంలోకి వెళ్ళి అక్కడి పనిముట్లతో ఆడుకోబోయాడు. తోలుకు కన్నాలు పొడిచే ఆర వంటి మొనదేలిన పనిముట్టు జారి కంట్లో గుచ్చుకుంది. గాయం చీము పట్టింది. అప్పటికి యాంటీబయాటిక్ మందులు లేవు. జబ్బు రెండో కంటికీ పాకింది. అయిదేళ్ళు వచ్చేసరికి పిల్లవాడికి చూపు పూర్తిగా పోయింది.

ఆ కాలంలో చూపులేని బీదపిల్లలకు చాలాచోట్ల భిక్షాటనే దారి. లూయీ తల్లిదండ్రులు అలా వదిలెయ్యలేదు. తండ్రి చేతికర్రలు చేసి ఇచ్చాడు. వాటితో తడుముకుంటూ పిల్లవాడు ఊరంతా తిరిగేవాడు. ఊరి చర్చి గురువు పాలుయీ చదువు చెప్పడం మొదలుపెట్టాడు. తరవాత ఊరి బడిపంతులు బెషెరే మిగతా పిల్లలతో పాటు తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు. లూయీ విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకునేవాడు, తెలివైన పిల్లవాడని పేరు తెచ్చుకున్నాడు. అయితే పక్కవాడు పుస్తకం తెరిచినప్పుడు అతని చేతిలో ఏమీ ఉండేది కాదు.

పారిస్ బడి, బరువు పుస్తకాలు

1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ వయసులో, లూయీ పారిస్‌లోని చూపులేని పిల్లల రాజకీయ పాఠశాలలో చేరాడు. రాజకీయ అంటే రాజు పోషణలో నడిచేది అని. దాన్ని 1785 ప్రాంతంలో వాలెంతిన్ ఆయీ అనే ఉపకారి స్థాపించాడు. చూపులేని పిల్లలకు చదువు చెప్పవచ్చని లోకానికి చూపించిన తొలి బడి అదే. కానీ భవనం పాతది, చెమ్మ పట్టినది. విప్లవకాలంలో జైలుగా వాడిన కట్టడం. అక్కడి గాలి చాలామంది పిల్లల ఆరోగ్యం చెడగొట్టింది. తరవాత లూయీ విషయంలోనూ అదే జరిగింది.

ఆ బడిలో పుస్తకాలు ఉన్నాయి. తడిపిన దళసరి కాగితాన్ని పెద్ద పెద్ద అచ్చు అక్షరాల మీద ఒత్తితే అక్షరం ఉబ్బుగా పైకి లేచేది. పిల్లలు ఆ అక్షరాల అంచులు వేలితో తడిమి ఇది ఫలానా అక్షరం అని పోల్చుకునేవారు. ఒక్కో పుస్తకం మోయలేనంత బరువు. తయారు చెయ్యడానికి బోలెడు ఖర్చు. అందుకే ఉన్నవి కొద్దే. ఒక వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేంత నెమ్మదిగా సాగేది చదువు.

అన్నిటికంటే పెద్ద లోటు మరొకటి. ఆ పద్ధతిలో పిల్లలు చదవగలరు గాని, తమంతట తాము ఏదీ రాసుకోలేరు. ఇంటికి ఉత్తరం రాయలేరు. పాఠం నోట్సు తీసుకోలేరు. చూపున్నవారు తమ అక్షరాలనే ఉబ్బెత్తుగా చేసి ఇచ్చారు, అంతే. కంటికి అందంగా కనిపించే అక్షరం వేలికి తికమకగా ఉంటుందని వాళ్ళకు తట్టలేదు.

పన్నెండు చుక్కల నుంచి ఆరుకు

1821 ప్రాంతంలో చార్లెస్ బార్బియే అనే ఆయన తన కొత్త పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. ఆయన ఒకప్పుడు సైన్యంలో ఫిరంగి దళం అధికారి. రాత్రిపూట దీపం లేకుండా సందేశాలు చదువుకోవడానికి ఈ పద్ధతి కనిపెట్టాడని చెబుతారు. గీతల బదులు చుక్కలు వాడటం ఆయన గొప్ప ఆలోచన. మొనతో కాగితం మీద పొడిస్తే వెనకవైపు చుక్క లేస్తుంది. వేలికి అది గీత కంటే ఎంతో తేలికగా తెలుస్తుంది. పైగా ఎవరికి వారే రాసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. బార్బియే ఫ్రెంచి భాషలోని 36 ధ్వనులను ఆరు వరుసలు, ఆరు నిలువులు ఉన్న పట్టికలో అమర్చాడు. ఎడమపక్క చుక్కలు వరుసను, కుడిపక్క చుక్కలు నిలువును చెప్పేవి. ఒక ధ్వని కోసం ఒక్కోసారి పన్నెండు చుక్కలు పొడవాలి. వేలికొన కింద అంత పొడవు గుర్తు పట్టదు. వేలిని పైకీ కిందికీ జరిపి చుక్కలు లెక్కపెట్టుకోవాలి. ఇంకొకటి, అది పలుకుబడిని మాత్రమే రాసేది. మన తెలుగులో దాదాపు పలికినట్టే రాస్తాం కాబట్టి మనకది తప్పుగా తోచదు. ఫ్రెంచిలో అలా కాదు, రాసేది ఒకటి, పలికేది ఒకటి. బార్బియే పద్ధతిలో స్పెల్లింగు లేదు. విరామ చిహ్నాలు లేవు, అంకెలు లేవు, సంగీత స్వరాలూ లేవు. మాట చేరవెయ్యడానికి సరిపోతుంది గాని, చదువుకు సరిపోదు.

లూయీకి అప్పుడు పన్నెండేళ్ళు. తరగతులు అయ్యాక, రాత్రుళ్ళు, సెలవుల్లో కూవ్రే వెళ్ళినప్పుడూ కాగితం మీద చుక్కలు పొడుస్తూ కూర్చునేవాడు. 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, ఒక కొలిక్కి తెచ్చాడు. పన్నెండు చుక్కలను ఆరు చేశాడు. మూడు వరుసలు, రెండు నిలువులు. ఆ గడి మొత్తం ఒక్క వేలికొన కింద ఇమిడిపోతుంది. జరపకుండానే అక్షరం తెలిసిపోతుంది.

ఆరు చుక్కల్లో ఏవి పొడిచాం, ఏవి వదిలాం అన్నదాన్ని బట్టి 64 రకాల గడులు వస్తాయి. ఏ చుక్కా లేని ఖాళీ గడి మాటకూ మాటకూ మధ్య సందుగా పోతే 63 మిగులుతాయి. వాటిని లూయీ ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టలేదు. ఎడమపక్క పైనుంచి 1, 2, 3, కుడిపక్క పైనుంచి 4, 5, 6 అని చుక్కలకు అంకెలు వేసుకుని చూడండి. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలే వాడాడు. ఆ పదికీ మూడో చుక్క చేర్చితే తరవాతి పది అక్షరాలు. ఆ వరుస గడులకే మూడు, ఆరు రెండూ చేర్చితే మిగిలినవి. అంటే పది గుర్తులు నేర్చుకుంటే మిగతావి వాటంతట అవే వచ్చేస్తాయి. మన గుణింతం లాగా అన్నమాట. మళ్ళీ అవే మొదటి పది గడులకు ముందు ఒక అంకె గుర్తు పెడితే 1 నుంచి 0 వరకు అంకెలు అవుతాయి. సంగీతానికీ అవే గడులు. లూయీ స్వయంగా మంచి ఆర్గన్ వాద్యకారుడు, పారిస్ చర్చిలలో వాయించేవాడు. అందుకే స్వరలిపిని మొదటి నుంచీ మరిచిపోలేదు.

1829లో తన పద్ధతిని పుస్తకంగా అచ్చు వేయించాడు. ముందుమాటలో బార్బియేకి తాను రుణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు. ఆ తొలి కూర్పులో చుక్కలతో పాటు చిన్న గీతలూ ఉండేవి. వాడి చూస్తే గీతలు రాయడం కష్టం, తడిమి పోల్చడం కష్టం అని తెలిసింది. 1837 కూర్పులో వాటిని తీసేశాడు. తన పనిని తానే దిద్దుకోవడానికి ఆయన వెనకాడలేదు. అదే ఏడాది ఆ బడిలో ఫ్రాన్సు దేశచరిత్ర పుస్తకం ఒకటి ఈ లిపిలో తయారైంది.

రాయడానికి కావలసింది కూడా తక్కువే. గడుల కన్నాలున్న ఒక పలక, మొనదేలిన ఒక చిన్న పుల్ల, దళసరి కాగితం. కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోయి, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ఆ మొనపుల్ల చూడటానికి తోలు పనివాడి ఆరలాగే ఉంటుంది. చూపు తీసిన పనిముట్టుకు చుట్టమైన దానితోనే ఆయన అక్షరం పొడిచాడు.

బడిలోనే నిషేధం

లూయీ ఆ బడిలోనే ఉపాధ్యాయుడయ్యాడు. 1833లో పూర్తి హోదా వచ్చింది. పిల్లలకు ఆయనంటే ప్రాణం. కానీ ఇరవైల్లోనే క్షయ పట్టుకుంది. ఆ చెమ్మ భవనమే కారణమని అంటారు. దగ్గు, రక్తం, విశ్రాంతికి ఊరు వెళ్ళడం, కాస్త తేరుకుని మళ్ళీ రావడం. ఆ తరవాత ఆయన జీవితమంతా అలాగే గడిచింది.

అప్పటి వరకు ఉన్న పెద్ద పంతులు పిన్యే ఈ లిపిని ప్రోత్సహించాడు. 1840లో ఆయన్ను తొలగించి దూఫో అనే ఆయన్ను ఆ పదవిలో పెట్టారు. దూఫోకి చుక్కలు నచ్చలేదు. చూపులేని పిల్లలు చూపున్నవారు చదవగలిగే అక్షరాలే నేర్చుకోవాలి, లేకపోతే లోకానికి దూరమైపోతారు అన్నది ఆయన వాదన. అది చెడ్డ ఉద్దేశమని అనలేం. కానీ తడిమే వేళ్ళు ఎవరివో ఆ వాళ్ళను అడగలేదు. బడిలో చుక్కల లిపి వద్దన్నారు. పాత పుస్తకాలను తగలబెట్టించారని జీవితచరిత్రకారులు రాశారు.

ఇక్కడే అసలు సంగతి జరిగింది. పైవాళ్ళు వద్దన్నా పిల్లలు మానలేదు. రాత్రి పడక గదుల్లో ఒకరికొకరు చీటీలు పొడుచుకున్నారు. తెలిసినవాడు తెలియనివాడికి నేర్పాడు. దానికి అచ్చుయంత్రం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొన ఉన్న ఏ వస్తువైనా, కాస్త దళసరి కాగితమైనా చాలు. ఉబ్బెత్తు అక్షరాల పుస్తకాలు యాజమాన్యం అచ్చు వేస్తేనే వచ్చేవి, ఆపేస్తే ఆగిపోయేవి. చుక్కలు ఆపడానికి ఎవరి చేతిలోనూ తాళంచెవి లేదు.

చివరికి దూఫోకి సహాయకుడిగా ఉన్న జోసెఫ్ గ్వాదే పిల్లల పక్షాన నిలిచాడు. ఈ లిపితో పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో పై అధికారికి నచ్చజెప్పాడు. 1844 ఫిబ్రవరిలో బడి కొత్త భవనం ప్రారంభోత్సవం జరిగింది. ఆ సభలో గ్వాదే ఈ లిపిని గురించి రాసిన వ్యాసం వినిపించారు, చుక్కలతో రాయడం చదవడం అందరి ముందూ చేసి చూపించారు. నిషేధం పోయింది. ముప్పై అయిదేళ్ళ లూయీ ఆ రోజు చూడటానికి బతికి ఉన్నాడు.

దూఫో చెప్పిన చిక్కును మాత్రం లూయీ కొట్టిపారెయ్యలేదు. చూపులేనివారు ఇంట్లోవాళ్ళకు ఉత్తరం రాస్తే వాళ్ళు చదవగలగాలి కదా. 1839లోనే దానికో ఉపాయం ఆలోచించాడు. మామూలు అక్షరాల ఆకారాన్నే చుక్కలతో గీసే పద్ధతి అది. చూపులేని మరో మిత్రుడు ఫూకో దానికోసం ఒక యంత్రం చేశాడు. తరవాత టైపు మిషన్లు వచ్చాక ఆ పద్ధతి అవసరం తీరిపోయింది, మాయమైంది. ఒకే మనిషి చేసిన రెండు పనుల్లో ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. రెండోదాని పని ఇంకొకటి అంతకన్నా బాగా చేసిపెట్టింది. ఆరు చుక్కల పని అంతకన్నా బాగా చేసేది ఇంకా రాలేదు.

1852 జనవరి 6న, 43వ పుట్టినరోజు అయిన రెండు రోజులకు, లూయీ బ్రెయిలీ కన్నుమూశాడు. సొంత ఊరు కూవ్రేలో సమాధి చేశారు. రెండేళ్ళకు, 1854లో, ఆ బడి ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది. తన లిపి ఆ ఒక్క బడిని దాటి ఎంత దూరం వెళ్తుందో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

మెరుగైనవి ఓడిపోయిన తగాదా

1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం బ్రెయిలీ లిపినే సిఫారసు చేసింది. యూరపులో ఒక్కో దేశం అటు మళ్ళింది. అమెరికాలో మాత్రం పెద్ద తగాదా నడిచింది.

న్యూయార్క్‌లో విలియం వెయిట్ అనే ఆయన 1860ల్లో మరో చుక్కల లిపి తెచ్చాడు. అందులో గడి ఎత్తు రెండు చుక్కలే. వెడల్పు మాత్రం ఒకటి నుంచి నాలుగు వరకు మారుతుంది. తరచుగా వచ్చే అక్షరానికి చిన్న గడి, అరుదుగా వచ్చేదానికి పెద్ద గడి. కాగితం ఆదా. బోస్టన్‌లో జోయెల్ స్మిత్ అనే చూపులేని ఉపాధ్యాయుడు ఆరు చుక్కల గడినే ఉంచి, తరచుగా వచ్చే అక్షరాలకు తక్కువ చుక్కలు వచ్చేలా పంచాడు. శ్రమ ఆదా. లెక్క కట్టి చూస్తే రెండూ తెలివైన పద్ధతులే. కొన్ని విషయాల్లో అసలు బ్రెయిలీ కంటే మెరుగు కూడా.

ఫలితం ఏమైంది? ఒక ఊళ్ళో చదువుకున్న పిల్లవాడు పక్క ఊరి పుస్తకం చదవలేకపోయాడు. ఉన్న కొద్ది డబ్బుతో ఒకే పుస్తకాన్ని రెండు మూడు లిపుల్లో అచ్చు వెయ్యాల్సి వచ్చింది. హెలెన్ కెల్లర్ వంటివారు చదువుకోసం ఇన్ని లిపులు నేర్వాల్సి వచ్చింది. దశాబ్దాలు వాదులాడుకుని, కమిటీలు వేసుకుని, చివరికి 1910ల చివర్లో అమెరికా అసలు బ్రెయిలీ వైపు వచ్చింది. 1932లో ఇంగ్లండుతో ఒకే ఇంగ్లీషు బ్రెయిలీకి ఒప్పందం కుదిరింది. సముద్రానికి అవతల అచ్చయిన పుస్తకాలన్నీ అందుబాటులోకి వచ్చాయి. కాగితం ఆదా చేసే లిపి కంటే ఎక్కువమందితో కలిపే లిపి గెలిచింది.

ఇంగ్లీషు విషయంలో ఒక చిన్న ముచ్చట ఉంది. లూయీ నాటి ఫ్రెంచి అక్షరమాలలో డబ్ల్యూ లేదు. తరవాత ఆ అక్షరం కావలసి వచ్చినప్పుడు మిగిలిన గడుల్లో ఒకటి దానికిచ్చారు. అందుకే బ్రెయిలీలో డబ్ల్యూ వరుస తప్పి కనిపిస్తుంది. పాత అక్షరాలు వేటినీ కదపలేదు. పాత పుస్తకం ఒక్కటి కూడా పనికిరాకుండా పోలేదు.

మన భాషల్లోకి

మన దేశంలో చూపులేని పిల్లలకు తొలి బడి 1887లో అమృతసర్‌లో మొదలైంది. ఆ తరవాత అనేక చోట్ల బడులు వచ్చాయి. ఎక్కడివారక్కడ తమ భాషకు తగ్గట్టు చుక్కలు అమర్చుకున్నారు. మైసూరులో ఒకటి, బొంబాయిలో ఒకటి, ఇట్లా దేశంలో పదికి దగ్గరగా రకాలు తయారయ్యాయి. అమెరికాలో జరిగిన తగాదానే, ఇంకా పెద్ద ఎత్తున.

స్వాతంత్ర్యం వచ్చాక దీన్ని తేల్చాల్సి వచ్చింది. మొత్తం భారతీయంగా కొత్త అమరిక చేసుకోవాలా, లేక లూయీ బ్రెయిలీ అమరికనే ధ్వని ప్రకారం మన అక్షరాలకు అన్వయించాలా? 1949లో మన ప్రభుత్వం ఈ విషయం యునెస్కో ముందు పెట్టింది. 1950లో పారిస్‌లో, 1951లో బీరూట్‌లో సమావేశాలు జరిగాయి. చూపు కోల్పోయిన న్యూజిలాండ్ సైనికుడు క్లూతా మెకెంజీ ఆ పనిలో ముఖ్యపాత్ర వహించాడు. ఢిల్లీలో విద్యాశాఖలో పనిచేసిన లాల్ ఆద్వాణీ కూడా చూపులేనివారే. అలా 1951లో భారతీ బ్రెయిలీ స్థిరపడింది. దేశ భాషలన్నిటికీ ఒకే అమరిక.

మన బడి పిల్లలకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, బోర్డుల మీద ఇంకో లిపి. ఒక్కో లిపికి ఒక్కో రూపం నేర్చుకోవడం మనకు అలవాటే. బ్రెయిలీలో ఆ బాధ లేదు. తెలుగు ‘క’ అయినా, కన్నడ ‘క’ అయినా, హిందీ ‘క’ అయినా ఒకటి, మూడు చుక్కలే. గుణింతం గుర్తులకు వేరే ఆకారాలు లేవు. ‘కి’ రాయాలంటే ‘క’ పక్కన ‘ఇ’ రాస్తే సరి. ఒత్తు ఉంటే దానికో గుర్తు ముందు పెడతారు. హిందీలో లేని మన హ్రస్వ ‘ఎ’, హ్రస్వ ‘ఒ’లకు కూడా గడులు దొరికాయి.

‘మన’ అనే మాట రాసి చూద్దాం. ‘మ’కు 1, 3, 4 చుక్కలు. ‘న’కు 1, 3, 4, 5 చుక్కలు. రెండే గడులు. తెలుగు పిల్లవాడి వేలికి అది మనందరిదీ అని చెబుతుంది. కన్నడ పిల్లవాడి వేలికి, మరాఠీ, ఒడియా పిల్లల వేళ్ళకు అవే రెండు గడులు మనసు అని చెబుతాయి. లిపి ఒకటే, భాష ఎవరిది వారిదే. ఒకే లిపి కావడం వల్ల ఏ భాషా తన గుర్తింపు పోగొట్టుకోలేదు.

ఎందుకు నిలిచిందంటే

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చూద్దాం. ఆరు చుక్కల గడి వాడేవారి వేలి కొలతకు తగ్గట్టు పుట్టింది. వేలు రెండు వందల ఏళ్ళలో మారలేదు, కాబట్టి గడీ మారనక్కర్లేదు. అది చాలా చిన్నది. చిన్నది కాబట్టే ఏ పరికరంలోనైనా ఇముడుతుంది. 1951లో వచ్చిన పెర్కిన్స్ బ్రెయిలర్ యంత్రానికి అక్షరాల మీటలు ఆరే. కంప్యూటరుకు తగిలించే బ్రెయిలీ పట్టీ మీద చిన్న చిన్న మొనలు లేస్తూ దిగుతూ అదే గడిని చూపిస్తాయి. 1999లో యూనికోడ్ ఈ గుర్తులకు చోటిచ్చింది. కంప్యూటర్ల కోసం అడుగున రెండు చుక్కలు చేర్చి ఎనిమిది చేసినప్పుడు కూడా పైనున్న ఆరూ అలాగే ఉన్నాయి. 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ అంకెలు పెట్టి చూశారు. చూపులేని ఓటరు ఇంకొకరి సాయం లేకుండా మీట నొక్కడానికి 1829 నాటి అమరిక పనికొచ్చింది.

ఇంకో కారణం, అది ఎవరి సొత్తూ కాదు. లూయీ దాన్ని దాచుకోలేదు, అమ్ముకోలేదు. ఏ దేశంవారైనా తమ భాషకు తెచ్చుకున్నారు, తలా ఒక చెయ్యి వేశారు. అన్నిటికంటే ముఖ్యం, కష్టకాలంలో దాన్ని కాపాడింది ప్రభుత్వాలు కాదు, ఆ పడక గదుల్లోని పిల్లలు. వాడేవాళ్ళు వదలకపోతే ఏ ఒప్పందమైనా నిలుస్తుంది.

అలాగని ఇక దిగులు లేదని అనుకోకూడదు. ఇవాళ ఫోను దానంతట అదే చదివి వినిపిస్తుంది. ఇక చుక్కలు నేర్చుకోవడం ఎందుకు అనే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చాలా దేశాల్లో పెరుగుతున్నారు. వినడం మంచిదే, త్వరగా అవుతుంది కూడా. కానీ విని మాత్రమే చదువుకున్న పిల్లవాడికి ‘ల’ ఎక్కడో ‘ళ’ ఎక్కడో, ‘శ’ ‘ష’ ‘స’ల తేడా ఏమిటో, వాక్యం ఎక్కడ ఆగిందో చేతికి తెలియదు. లెక్క చెయ్యాలన్నా, స్వరం రాసుకోవాలన్నా, చెప్పుకోలేని మాట ఒకటి కాగితం మీద పెట్టుకోవాలన్నా రాత కావాలి. లూయీకి పదేళ్ళప్పుడు ఉన్న లోటు అదే. చెవిన పడ్డదంతా వచ్చు, చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఈ మాట చూపులేని పిల్లలకే కాదు. మన ఊళ్ళలో తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు చదవడం రాయడం రాని పిల్లలు ఎంతోమంది ఉన్నారు. చెవిలో ఉన్న భాష చేతిలోకి రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. పారిస్ బడిలో ఆ పని పిల్లలే పిల్లలకు చేశారు.

1952లో, వందేళ్ళ తరవాత, ఫ్రాన్సు ప్రభుత్వం లూయీ బ్రెయిలీ అవశేషాలను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించి జాతీయ గౌరవం ఇచ్చింది. ఊరివారు ఆయన చేతులను మాత్రం కూవ్రేలోనే ఉంచుకున్నారు. 2009లో, ఆయన ద్విశతజయంతికి, మన దేశం ఆయన బొమ్మతో రెండు రూపాయల నాణెం విడుదల చేసింది. ఇంట్లో చిల్లర డబ్బాలో వెతికితే దొరకవచ్చు.

పిల్లలకు ఒక చిన్న పని. దళసరి అట్ట కాగితం తీసుకుని, కింద మెత్తని గుడ్డ వేసి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ‘మన’ అని పొడిచి చూడండి. సూదులు, ఆరలు ముట్టుకోవద్దు. కుడి నుంచి ఎడమకు, చుక్కల స్థానాలు అద్దంలో చూసినట్టు తిప్పి పొడవాలని మరిచిపోకండి. తరవాత కాగితం తిప్పి, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో తడమండి. పక్కవారి చేత కూడా చదివించండి.